నాలుగో భుజం

మా నాయన చనిపోయినప్పుడు, పక్కింటి మోటార్ల మెకానిక్ పాడెను పది అడుగులు మాత్రం మోసి, ఇంకొకరికి అప్పజెప్పి పక్కకు తప్పుకున్నాడు. తాడిపత్రిలో మా వీధి మొత్తం ఈ మాట నా నోట విన్నదే. ఆయన ముస్లిం. వాళ్లలో జనాజాను ఒకరే చివరిదాకా మోయరనీ, ఆ పుణ్యం అందరికీ దక్కాలని కొద్ది అడుగులకే మరొకరికి చోటిస్తారనీ తర్వాత ఎవరో చెప్పారు. అంటే ఆయన చేసింది మర్యాదే. అయినా నేను వదల్లేదు. ఏళ్ల తరబడి మొహం మీదే ఎత్తిపొడిచాను.

"నా అడుగులు నాకన్నా నీకే బాగా గుర్తుండాయి అన్నా" అని నవ్వేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా వీధిలోనే ముగ్గురు పోయారు. చావంటే నాకెంత భయమో అప్పుడు తెలిసింది. ఎవరూ తలుపు తట్టకూడదని మా ఆవిడ చేత వీధి వాకిలికి బయట తాళం వేయించాను. ఆమె పెరటి దారిన లోపలికి వచ్చింది.

ఒక ఉదయం కిటికీ దగ్గర ఆయన గొంతు వినిపించింది.

"అన్నా, ఉండావా? మాయమ్మ పోయింది. జ్వరం గిరం ఏమీ ల్యా, వయసైపోయి పోయింది. అయినా ఎవరూ రాలేదు. మోసేదానికి ముగ్గురమే ఉండాం. నువ్వొక పక్క పడితే చాలు."

నేను మంచం మీద కదలకుండా కూర్చున్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, "పోవయ్యా. పండగపండక్కీ ఆయమ్మ పంపిన సేమ్యా తినలేదా?" అని గుసగుసలాడింది.

"నోరు మూసుకో. నేను పోతే నన్నెవరు మోస్తారు?"

అంతలో తిరగమోతలో మాడిన ఎండుమిరపకాయల ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

బయట తాళం ఆయన కళ్లెదుటే ఉంది.

"దగ్గుతాండావా అన్నా? సరే, నువ్వు రావద్దులే."

చివరికి ఆమెను అరటిపండ్ల తోపుడుబండి మీద పెట్టుకుని వెళ్లారు. కిటికీ సందులోంచి చూశాను.

సాయంత్రం ఆయన మా కిటికీలో జ్వరం మాత్రల పొట్లం పెట్టి, "వేన్నీళ్లు తాగన్నా" అని పోయాడు. దాన్ని మర్నాడంతా ఎండలోనే ఉంచి, పొద్దుగూకాక కర్రతో లోపలికి లాక్కున్నాను. నాకు జ్వరం లేదు, దగ్గూ లేదు. అయినా భయానికి రెండు మింగాను.