నా గొంతు కోసం హిందూపురం నుంచి ధర్మవరం దాకా

ఈ ప్రయాణం ఒక ఫ్యాక్సుతో మొదలైంది. 2006 వేసవి మొదట్లో హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు నాకు రెండు పేజీల సంభాషణలు పంపాడు. కొత్త తెలుగు సీరియల్‌లో అనంతపురం వైపు రైతు ఇల్లాలి పాత్ర. "ఈసారి డబ్బింగ్ వద్దు మేడమ్, మీ గొంతే కావాలి. మీది ఆ ప్రాంతమే కదా, ఆ యాసలో చెప్పండి. సోమవారం వాయిస్ టెస్ట్" అన్నాడు ఫోనులో. బెంగళూరులోని అద్దె ఇంట్లో కూర్చుని ఆ పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ నా చెవికే అబద్ధంలా వినిపించింది. నేను పుట్టి పెరిగింది హిందూపురంలో. పదిహేనేళ్ళుగా మూడు భాషల టీవీలో నటిస్తున్నాను. అయినా మా వీధిలో ఆడవాళ్ళు మాట్లాడుకునే మాట నా నోట పలకడం లేదు. అంతకు వారం ముందే, నాలుగేళ్ళు చేసిన కన్నడ సీరియల్‌లో నా పాత్రను చంపేశారు. షూటింగ్ ముగిసిన ఒక తెలుగు సీరియల్ ఇంకా టీవీలో వస్తోంది గానీ, వేరే పని చేతిలో లేదు. ఒళ్ళంతా అలసటగా ఉంది. అయినా శనివారం పొద్దున్నే లేచి స్టేషనుకి వెళ్ళాను.

ఈ మూడు ఊళ్ళూ చూడాలనుకునేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో వరసగా వస్తాయి. బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరే ప్యాసింజరు యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా మూడు గంటల్లోపే హిందూపురం చేరుస్తుంది. టికెట్ ఇరవై రూపాయల చిల్లర. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఎండ ముఖాన పడదు. నేను చీర కొంగు తలమీదుగా కప్పుకుని కూర్చున్నాను. గుర్తుపట్టి పలకరిస్తే బదులు చెప్పే ఓపిక నాకు లేదు. గౌరిబిదనూరు దాటాక పెట్టెలో మాటలు కన్నడం నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి కన్నడంలోకి ఎవరూ గమనించకుండానే మారిపోతుంటాయి. నాకు ఆ మార్పే మొదటి బడి. మా నాయన కన్నడం మాట్లాడే దర్జీ, హిందూపురం మార్కెట్ దగ్గర కుట్టుమిషను పెట్టుకున్నాడు. అమ్మ పెనుకొండ క్రైస్తవుల పిల్ల, మిషన్ ఆసుపత్రిలో ఆయా. నాయన నన్ను రుక్మిణి అనేవాడు, అమ్మ రూతు అనేది. రెండు పేర్లకీ పలికేదాన్ని. పక్కింటి వాళ్ళతో ఉర్దూ, వీధిలో తెలుగు. ఎవరి ఇంట్లోకి వెళ్తే వాళ్ళ మాట నోటికొచ్చేది. అదే నన్ను నటిని చేసిందని తర్వాత చాలామంది అన్నారు.

పదిన్నరకి హిందూపురంలో దిగాను. నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మిషను ఉన్న చోట సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు ఉంది. పక్క సందులో చిన్న హోటలు కనిపిస్తే ఉగ్గాని, బజ్జీ చెప్పాను. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు వేసే ఈ ఉగ్గాని ఇక్కడ పది రూపాయలకి కడుపు నింపుతుంది, తప్పక తినండి. పొయ్యి దగ్గరున్న పెద్దామె నా మాట విని వెంటనే కన్నడంలోకి దిగింది, బెంగళూరు నుంచి వచ్చారా అని. నేను తెలుగులోనే చెప్పాను, "నేను ఈ ఊరిదాన్నేనండి. ఆ మూల దర్జీ కూతుర్ని."

ఆమె గరిటె ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఈ ఊరిదానివా? ఈ ఊరోళ్ళు 'అండి' అంటారేమ్మా? నువ్వు హైదరాబాదు టీవీలో వార్తలు చదివినట్ల మాట్లాడతాండావు."

నవ్వాను గానీ ఉగ్గాని సగంలోనే వదిలేశాను. దుడ్లు ఇచ్చి బయటికి వచ్చేశాను.

ఆమె అన్నది నిజమే. ఆ మాటతీరు ఎలా వచ్చిందో చెప్పాలి. 1991లో పంతొమ్మిదేళ్ళ వయసులో ఒక నాటక బృందంతో బెంగళూరు వెళ్ళాను. మొదటి రెండేళ్ళూ సీరియళ్ళలో ట్రేలు పట్టుకుని నిలబడే పాత్రలే. తర్వాత కన్నడంలో మంచి వేషాలు వచ్చాయి, కానీ 'నీ కన్నడంలో తెలుగు వాసన ఉంది' అని రోజూ దిద్దేవాళ్ళు. దిద్దించుకున్నాను. తొంభైల చివర్లో మద్రాసు పిలిచింది. తమిళం చదవడం రాదు. సంభాషణలు తెలుగు లిపిలో రాసుకుని, మేకప్ వేసుకుంటూ బట్టీపట్టేదాన్ని. అక్కడ వేరేవాళ్ళు గొంతిచ్చారు. అది న్యాయమే. రెండువేల తర్వాత హైదరాబాదులో తెలుగు సీరియల్ దొరికినప్పుడు మాత్రం సంతోషంతో నిద్రపట్టలేదు. ఇంటికి వెళ్తున్నాననుకున్నాను. మొదటి రోజు మొదటి షాట్ అయ్యాక దర్శకుడు మైకు తీసేయమన్నాడు. 'సీమ యాస కొడుతోంది, అందరికీ అర్థం కాదు, డబ్బింగ్ చెప్పిద్దాం' అన్నాడు. అప్పటినుంచి తెలుగులో నా పెదవులు కదులుతాయి, విజయవాడ అమ్మాయి ఒకామె మాట్లాడుతుంది. బాగా మాట్లాడుతుంది, ఆమెను ఏమీ అనను. ఎప్పటికైనా నా గొంతు వాడతారేమోనని నేను నా మాటని కడిగి కడిగి పెట్టుకున్నాను. వారంలో మూడు ఊళ్ళు, మూడు భాషలు. బస్సులో కళ్ళు తెరిస్తే ఏ ఊరు వచ్చిందో, ఏ భాషలో కండక్టర్ని అడగాలో క్షణం పాటు తెలిసేది కాదు.

హిందూపురం నుంచి పెనుకొండకి రైలు కోసం కూర్చోకుండా సోమందేపల్లి మీదుగా బస్సు ఎక్కాను. గంటా పావు పట్టింది. పెనుకొండ బస్టాండులో ఒంటిగంట ఎండ. కోట ఎక్కాలనుకునేవాళ్ళు తొమ్మిదిలోపే కొండ దగ్గర ఉండాలి, ఆ తర్వాత రాళ్ళు కాలుతాయి. నేను వచ్చింది కోట కోసం కాదు. ఊరి చివర క్రైస్తవుల సమాధులకి పోవాలంటే ఆటో అతను ముప్పై అడిగాడు. కొంత దూరం పోయాక అద్దంలోంచి చూసి అన్నాడు, "అక్కా, నువ్వు టీవీలో వస్తావు గదా? మా ఇంట్లో ఆడోళ్ళు దినామూ చూస్తారు."

"అవునప్పా, నేనే."

"ముఖం అదే. గొంతే యేరే మాదిరి ఉండాదే?"

అది వేరే ఆమె గొంతు అని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "మరి నీ గొంతుకేమైంది?" అన్నాడు. జబ్బేమో అని అడిగినట్టు, జాలిగానే అడిగాడు.

అమ్మ సమాధి దగ్గర గడ్డి ఎవరో పీకేసి శుభ్రంగా ఉంచారు. నేను ఇక్కడికి రావడం రెండోసారి. మొదటిసారి 1998లో, వేసవిలోనే. నాయన పోయాక అమ్మ పెనుకొండకి పుట్టింటికి వచ్చేసింది. ఆమె చనిపోయిన రోజు నేను మద్రాసులో పెళ్ళి సీనులో ఉన్నాను. ఫోను పొద్దున పదకొండుకే ప్రొడక్షన్ ఆఫీసుకి వచ్చిందట. పెళ్ళికూతురి నగలు అద్దెవి, సాయంత్రానికి తిరిగివ్వాలి. అందుకని మేనేజరు నాకు ఆరు గంటలకి, ప్యాకప్ అయ్యాక చెప్పాడు. అప్పటిదాకా నేను పెళ్ళిపీటల మీద నవ్వుతూ కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం పెనుకొండ చేరేసరికి మట్టి కూడా ఆరిపోయింది. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ సుగుణమ్మ, గేటు దగ్గర నన్ను ఆపి, "ఇప్పుడొచ్చినావా? ఎవురికి చూపిచ్చాలని?" అంది. పెళ్ళికూతురి పారాణి నా కాళ్ళకి అలాగే ఉంది. ఆ మాట తర్వాత మేమిద్దరం ఎనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు. పండక్కి రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. సమాధి దగ్గర కూర్చుని ఫ్యాక్సు కాగితాలు తీశాను. చదవబుద్ధి కాలేదు. చిన్నమ్మ మాట తీరు అచ్చం అమ్మ మాట తీరే. ఈ లోకంలో ఆ మాట ఇంకా ఎక్కడైనా ఉందంటే ధర్మవరంలో ఆమె నోటిలోనే. అది తెలిసే బయల్దేరాను. కానీ ఆమె తలుపు తీస్తుందని నమ్మకం లేదు. అలిసిపోయి ఉన్నాను, తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. ధర్మవరం బస్సు ముందు వచ్చింది కాబట్టి అది ఎక్కాను. అంతకంటే గొప్ప కారణం లేదు.

గంటన్నర తర్వాత, నాలుగున్నరకి ధర్మవరంలో దిగాను. చీరలు కొనడానికి వచ్చేవాళ్ళు పెద్ద దుకాణాలతో ఆగకుండా నేతగాళ్ళ వీధుల్లోకి నడవండి. మగ్గాల చప్పుడు వినిపించే ఏ ఇంటి ముందైనా నిలబడి అడిగితే లోపలికి రమ్మంటారు. చిన్నమ్మని నేతపని చేసే ఇంటికి ఇచ్చారు. తలుపు తెరిచే ఉంది. లోపల ఆమె రాట్నం మీద పట్టుదారం చుడుతూ కూర్చుని ఉంది. తల నెరిసింది. ఎదురుగా గూట్లో చిన్న టీవీ.

తల ఎత్తి చూసింది. చక్రం తిప్పడం ఆపలేదు. "చెప్పులు బయట ఇడిసి రా. దారం ఉండాది."

గడప లోపలికి వచ్చి నిలబడ్డాను. "చిన్నమ్మా, నా మీద కోపం పోయిందా?"

"యాడికి పోతాది? ఉండాది, ఈడనే. కోపముంటే ఇంట్లోకి రాకూడదని నీకెవురు చెప్పినారు? ఎనిమిదేండ్లు ఆడనే ఉంటివి."

"నువ్వే కదా గేటు దగ్గర..."

"అన్న్యాను. పొద్దుగూకేదాకా పెట్టుకోని నీకోసం చూసినాం. ఎండాకాలం. మందికి ఎంతసేపని చెప్పేది? ఇంగ మట్టి ఎయ్యక తప్పలేదు. మా అక్కకి బిడ్డను చూపియ్యలేకపోతినే అని నా కడుపు కాలి అన్న్యాను. నువ్వు తిరిగి ఒక మాట అనుంటే బాగుండు. నువ్వు గమ్మున ఎళ్ళిపోతివి."

నేను కింద కూర్చుండిపోయాను. మేనేజరు సంగతి, నగల సంగతి అప్పుడు చెప్పాను. ఆమెకి తెలియదు. చక్రం ఆగిపోయింది. తర్వాత లేచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, "దినామూ నిన్ను చూస్తానే ఉండా" అంది టీవీ వైపు చూపిస్తూ. "సౌండు తీసేసి చూస్తా."

"ఎందుకు?"

"ఆ గొంతు నీది కాదు. ఎవురో ఆయమ్మ నీ నోట్లో మాట్లాడతాంటే నాకు సరిపోదు. సౌండు తీసేస్తే నువ్వేమంటాంటావో నేనే అనుకుంటా. మీ అమ్మ మాదిరి అనుకుంటా."

చెంపల మీద కారుతున్నవి తుడుచుకోలేదు. పదిహేనేళ్ళలో గ్లిజరిన్ లేకుండా ఎప్పుడు ఏడ్చానో గుర్తులేదు.

కాసేపటికి ఆమే అడిగింది, ఆ కాగితాలేమిటని. చదివి వినిపించాను. అప్పులవాడు చేను అమ్మమంటాడు, రైతు ఇల్లాలు బదులు చెప్పాలి. 'ఈ నేల నా ఊపిరి. దీన్ని అమ్మడమంటే నా ప్రాణాన్ని అమ్ముకోవడమే' అని రాసి ఉంది.

చిన్నమ్మ నోరు తెరుచుకుని వింది. "ఎవురు రాసినారు ఇది? చేను అడగను వచ్చినోనితో ఎవురన్నా ఇట్ల మాట్లాడతారా?"

"మరి ఏమంటారు?"

"అమ్మేది లేదు పో, అంటారు. అంతే. వాడు ఇంగా నిలబడుకోనుంటే చీపురు తీసుకుంటారు."

నవ్వు ఆగలేదు. నన్ను అనమంది. అన్నాను. "కాదు, అది టీవీ" అంది. మళ్ళీ అన్నాను. "గొంతు లేపొద్దు. కోపమొస్తే మీ అమ్మ గొంతు కిందికి పోతాండె, గ్యాపకం లేదా?" అంది. పదోసారో పన్నెండోసారో అన్నప్పుడు చిన్నమ్మ దిద్దలేదు. దారం వైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. ఎవరి గొంతు వినిపించిందో ఇద్దరికీ తెలుసు. "ఎప్పుడు పోతాండావు?" అని అడిగింది. ఊళ్ళో దిగగానే స్టేషనుకి వెళ్ళి ఆరు గంటల బండికి టికెట్ కొనుక్కున్నానని చెప్పాను. "సంగటి చేస్తాండా" అని వంటింట్లోకి వెళ్ళింది. బండి వెళ్ళిపోయింది. ఆదివారం మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

సోమవారం హైదరాబాదులో వాళ్ళు రాసిచ్చినట్టు నేను చెప్పలేదు. "అమ్మేది లేదు పో" అన్నాను. రచయిత ముఖం మాడ్చుకున్నాడు, దర్శకుడు నవ్వి ఉంచేశాడు. పాత్ర నాకే ఇచ్చారు. షూటింగులో చాలాచోట్ల యాస తగ్గించమన్నారు, కొన్నిచోట్ల తగ్గించాను, కొన్నిచోట్ల వాదించాను. సీరియల్ ఏడాది కూడా నడవలేదు. తర్వాత మళ్ళీ వేరేవాళ్ళ గొంతుతోనే పని చేస్తున్నాను, ఇల్లు గడవాలి కదా. అలసట ఆ ప్రయాణంతో పోలేదు. పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఇన్నేళ్ళూ నాకు ఒంటి అలసట అనుకున్నదానిలో సగం, నా మాట నేను వినకపోవడం వల్ల వచ్చిందని మాత్రం తెలిసింది. నాలుగు భాషలు వచ్చినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. నాకు ఒక భాష ఉందని గుర్తుపెట్టుకున్నది చిన్నమ్మ ఒక్కతే.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: మూడు ఊళ్ళూ ఒక్క రోజులో తేలిగ్గా చుట్టేయొచ్చు, సాయంత్రం వెనక్కి రైళ్ళూ ఉన్నాయి. కానీ ధర్మవరంలో మీవాళ్ళు ఎవరైనా ఉంటే, తిరుగు టికెట్ ముందుగా కొనకండి.