యారాలి కుండీలో లావెండర్

మా ఇంట్లో ఏ విత్తనమైనా నా చేతితోనే మట్టిలో పడాలి. నా చేతివాసి మంచిదని అత్త నమ్మకం. వానాకాలం మొదట్లో బీర గింజలు నా అరచేతిలో పోసి, నేను పెట్టేదాకా పక్కనే నిలబడేది. నీలం నగర్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నాకంటూ దక్కిన గొప్ప అదొక్కటే.

అందుకే లావెండర్ గింజల పొట్లం విప్పినప్పుడు మా యారాలు, అంటే మా మరిది భార్య, "నాకూ జరన్ని ఇయ్యక్కా" అంటే నవ్వుకుంటూ ఇచ్చాను. ఫోన్‌లో చూసినట్టే ఇద్దరం గింజల్ని తడిగుడ్డలో చుట్టి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత చెరో కుండీలో పైపైన చల్లాం. ముందు మొలిచింది నాదే. గల్లీ అంతా చెప్పుకున్నాను.

నేనూ అత్తా ఇంట్లో బీడీలు చుడతాం. తునికాకు ఎండితే విరుగుతుంది కాబట్టి తడిపి, తడి గోనెలో చుట్టి పెడతాం. ఆ అలవాటుతోనే మొలకల మీదా తడిగుడ్డ కప్పాను, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాను. మొదళ్లు నల్లబడి ఒక్కొక్కటే వాలిపోయాయి. పొద్దున్నే టవల్ కార్ఖానాకు ఉరికే యారాలికి నీళ్లు పోయడమే గుర్తుండదు. ఆమె కుండీలో మట్టి నెర్రెలిచ్చింది. మొక్కలు మాత్రం గుబురుగా లేచాయి.

"ఏం జేసినవే?" అని అడిగాను.

"ఏం జెయ్యలేదక్కా. మర్శేపోయిన."

ఆ మాటకు నా కడుపు భగ్గుమంది. కష్టపడి పెంచి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. ఆ కుండీ కనపడకుండా అటువైపు కిటికీ మూసేదాన్ని. అత్త ఊరుకుంటేనా! పొగాకు వేళ్లతో ఆ ఆకు నలిపి, "ఏకదం మస్తున్నదే, సూడు" అని నా ముక్కు దగ్గరే పెట్టింది. నిజంగానే బాగుంది. అందుకే ఇంకా మండింది.

మొన్న తొలి వాన పడింది. అత్త బీర గింజల డబ్బాతో వాకిట్లోకి వచ్చి మమ్మల్నిద్దరినీ పిలిచింది. నేను కొంగుకు చేయి తుడుచుకుని అలవాటుగా చాపాను. గింజలు యారాలి చేతిలో పడ్డాయి.

"అక్క పెడ్తది గదా అత్తమ్మా" అని ఆమె గొణిగింది. అత్త వినిపించుకోలేదు. చాపిన నా చేతిలో నీళ్ల చెంబు పెట్టింది.

"నువ్వు నీళ్లు పోయ్. జర తక్కువ పోయ్."