ఆర్చి వద్దు, కప్పు కావాలి

ఎనభైల్లో మాట. చంద్రగిరి దగ్గర మా ఊరి ఎలిమెంటరీ బడి కమిటీలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. బడికి గ్రాంటు రాగానే, ప్రెసిడెంటు తన పేరుతో సిమెంటు ఆర్చి కట్టాలని తీర్మానం రాయించి, సంతకం పెట్టమన్నాడు.

భయపడుతూనే లేచి నిలబడి, "పెట్టనన్నా! వానొస్తే బిడ్డోళ్లు కూసునేదానికి చోటు లేదు. ముందు కప్పు ఎయ్యండి" అన్నాను.

"నీకేం తెలుసు? కూసో!" అని ఆయన గద్దించాడు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు హెడ్మాస్టరు లేచి, "ఆయమ్మ చెప్పేది న్యాయమప్పా. నేనూ పెట్టను" అన్నారు. ఆ మాటతో మిగతా సభ్యులందరూ నా వైపే చేతులెత్తారు!

ఆ ఏడు జోరువానలో, కొత్త పెంకుల కింద పిల్లలు ఎక్కాలు అరిచి చదువుతుంటే వీధిలో తడుస్తూ నిలబడి విన్నాను. అంత భయంలోనూ నోరు విప్పినందుకు ఇప్పటికీ నా మీద నాకే గౌరవం.