రెక్క మీది గుర్తు దించిన పెదనాన్న

మా పెదనాన్న పోయిన కబురు నాకు మూడో రోజున అందింది. బస్సులు నడవడం లేదు. పెద్దమ్మ తమ్ముడు ఊరికి ఆ చివరనున్న చిమిండైంగ్ నుంచి ఈ చివర మా తాకేటా దాకా నడిచివచ్చి, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా, "బావ లేడమ్మా. దహనం కూడా అయిపోనాది" అన్నాడు. అప్పుడు బియ్యం ఏరుతున్నాను. ఆయనకు మంచినీళ్లిచ్చి, మిగిలిన బియ్యం కూడా ఏరాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పెదనాన్న బోర్డుల పెయింటరు. పడవల పేర్లు, బస్సుల నంబర్లు రాసేవాడు. బర్మా అక్షరాల గుండ్రాలు ఒక్క ఊపులో తీసేవాడు. బయటి సరుకు రాని ఈ ఏళ్లలో డబ్బా అడుగున ఎండిన పొరను కూడా కిరసనాయిల్లో నానబెట్టి వాడుకున్నాడు. నేను బడిపంతులమ్మనయ్యాక, నల్లబల్ల మీద నా అక్షరం నిటారుగా నిలిచిందంటే అది ఆయన చలవే.

జపాను బర్మా మీదికి వచ్చిన యుద్ధం నాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామంది కాలినడకన ఇండియాకు వెళ్లిపోయారు. తాత మంచంలో ఉండటంతో మావాళ్లు ఆగిపోయారు. రంగులు కలపడం వచ్చని తెలిసి జపాను సైనికులు పెదనాన్నను పట్టుకుపోయారు. ఆకాశం కాపలా కాసేవాళ్ల కోసం శత్రు విమానాల గుర్తులు పలక మీద వెయ్యాలి. ట్వంటే వరిచేలలో ఒక అమెరికా విమానం కూలితే, రెక్క మీది గుర్తు చూసి దించమని పడవలో తీసుకెళ్లారు.

నీలం వలయంలో తెల్ల నక్షత్రం, అటూ ఇటూ తెల్ల పట్టీలు. పట్టీల తెలుపు కొత్తది, నక్షత్రం తెలుపు పాతది. నక్షత్రం నడుమ రంగు పెచ్చులూడి, కింద ఎర్ర చుక్క కనిపించిందట.

"మొదట్లో ఆళ్ల గుర్తులో ఎరుపుండీది. జపానోళ్లదీ ఎర్ర సూరీడే కదేటి? దూరంనుంచి సూసి సొంతోళ్లే కాల్చేత్తారని తుడిపేసినారు" అనేవాడు. "సుక్కంటే పేణమే."

విమానం ముక్కు దగ్గర చిన్న బాంబు బొమ్మలు వరుసగా ఉన్నాయట, వెళ్లొచ్చిన దాడికి ఒకటి చొప్పున. చివరిదానికి గీత ఉంది, రంగు లేదు. "తిరిగొచ్చాక నింపుదారని ముందే గీసి ఉంచినాడు, ఎవుడో నాలాటి పెయింటరు" అని అక్కడ ఆగిపోయేవాడు. పక్కనే టార్పాలిన్ కింద ఆ విమానంలోని మనుషులున్నారని మాత్రం చాలా ఏళ్లకు గాని చెప్పలేదు. గుర్తును ఉన్నదున్నట్టే దించాడు. "కాల్చీవోడికి గురి సూపెట్టినాను" అని ఒకే ఒక్కసారి అన్నాడు, అన్నం తింటూ.

ఈ ఏడు, 1988లో, ప్రభుత్వం దిగిపోవాలని జనం వీధుల్లోకి వచ్చాక, సైన్యం కాల్పుల్లో గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చే ఒక డ్రైవరు వ్యాను తెచ్చాడు. గురువును పిలిచినట్టు "సయా" అని పిలిచి, ఆసుపత్రి బండని తెలిసేట్టు ఎర్ర సిలువ వెయ్యమన్నాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. పెదనాన్న దాచుకున్న మంచి ఎరుపు తీశాడు. పైకప్పు మీద, రెండు తలుపుల మీద వేశాడు.

"ఇంత పెద్దదేటికి పెదనాన్నా? రంగయిపోద్ది."

"పెద్దగానే ఎయ్యాలమ్మా. కాల్చీవోడు కనబళ్లేదనకూడదు."

నాలుగు రోజులకు వ్యాను తిరిగొచ్చింది. తలుపు మీది సిలువలో రెండు తూటా రంధ్రాలు. లోపలున్న నర్సు చేతికి తగిలింది, బతికింది. పెదనాన్న ఒక రంధ్రంలో వేలు పెట్టి చూశాడు.

"కనబడినాదన్నమాట" అన్నాడు.

ఉంచాలా, తుడిపేయాలా అని డ్రైవరు అడిగాడు. పెదనాన్న డబ్బా రేకు కత్తిరించి రంధ్రాల మీద అతికి, దాని మీద మళ్లీ ఎరుపు వేశాడు. అది ఆరేదాకా డ్రైవరు ఇంటి ముందరి నది గట్టు మీద కూర్చున్నాడు, తరవాత వ్యాను తీసుకుని వెళ్లాడు. ఆ పని చూసినందుకు నేను రుణపడి ఉన్నాను. ఎలా చెప్పాలో తెలియక ఇలా రాస్తున్నాను.

సైన్యం వీధులు పట్టుకున్నాక ఆయన ఇల్లు కదల్లేదు. ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ గోడకు ఒరిగిపోయాడట.

బస్సులు మొదలయ్యాక వెళ్లాను. పెద్దమ్మ అలవాటుగా రెండు కంచాలు పెట్టింది. కాసేపు వాటినే చూసి, ఆయన కంచాన్ని నా ముందుకు జరిపింది. నేను తిన్నాను. తను అన్నం కలిపి, ముద్ద ఎత్తలేదు. చెయ్యి కడుక్కోవడానికి ఇద్దరం లేవలేదు. నది గాలికి కంచాల్లో మెతుకులు ఎండుతున్నాయి.