గుర్రం మీద నుంచి పడిన షాట్

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది. ముంబై దాదర్‌లోని మా స్కానింగ్ ల్యాబ్‌లో పని మళ్లీ అప్పుడప్పుడే మొదలవుతోంది. పాత సినిమా రీళ్లను ఒక్కొక్క ఫ్రేమ్ ఫొటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. తెలుగు కూలీల పాత పేట కామాటిపుర నుంచి పోశెట్టి గారు ఒక రేకు డబ్బా పట్టుకొని వచ్చారు. మూత తీయగానే పుల్లటి వాసన. ఫిల్మ్ కుళ్లిపోతోందని అర్థం. మేం వినెగర్ సిండ్రోమ్ అంటాం.

ఎనభై దాటిన ఆయన ఒకప్పుడు కౌబాయ్ సినిమాల డైరెక్టర్. రాళ్ల క్వారీలే ఎడారి, బరాత్ గుర్రాలే గుర్రాలు, చాల్‌లో ఒంటిగదుల్లో ఉండే కూలీలే బందిపోట్లు. అలా నాలుగు తీశారు. ఆ తర్వాత కెమెరా ముట్టలేదు, సైన్‌బోర్డులు రాసి బతికారు. నాలుగో సినిమాలో మిగిలింది ఈ ఒక్క రీలే.

"బిడ్డా, గుర్రం మీదికెల్లి పడే షాట్ ఒకటుంటది. అది కోసి పారెయ్."

"మా పనిలో కోయడం ఉండదు పెద్దయ్యా. ఎందుకు?"

పడినవాడు రాజయ్య, వాళ్ల పక్క గల్లీ మనిషి. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. మళ్లీ తీసే స్తోమత లేక నిర్మాత ఆ షాటే ఉంచమన్నాడు, ఈయన ఉంచారు. హాల్లో జనం ఈలలు వేశారట.

"ఆయన భార్య ఉన్నారా?"

"ఉన్నది. లచ్చవ్వ. గప్పటికెల్లి నేను ఆ గల్లీల అడుగు వెట్టలే."

"ఆమెను అడగండి. వద్దంటే మీకిచ్చే కాపీలోంచి తీసేస్తాను."

వారం తర్వాత ఇద్దరూ ఒకే ట్యాక్సీలో వచ్చారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక. రీలు ఆ పొద్దునే ఎక్కించాను, పూర్తిగా చూడలేదు.

తెర మీద రాజయ్య టోపీ సర్దుకొని నవ్వాడు. అక్కడ ఆపాను.

"పండ్లు ఎట్ల తెల్లగున్నయో సూడు," అంది లచ్చవ్వ.

"ఇక్కడితో చాలా అవ్వా?"

"నడ్వనీ. అందరు సూసిండ్రు, నేనే సూడలే."

గుర్రం తడబడింది. రాజయ్య రాతి మీద పడ్డాడు. కెమెరా అలాగే చూస్తూ ఉంది. అతని చెయ్యి ఒకసారి లేచి, వాలిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు.

"ఒక్కడన్న ఉరకలేదేందయ్యా?"

పోశెట్టి గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "నేను కట్ చెప్పలే వదినె. షాట్ మంచిగొస్తున్నదనుకున్న."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, "కొయ్యకు బిడ్డా," అని నాతో మాత్రమే అని, ఒక్కతే బస్సెక్కి వెళ్లిపోయింది.

పోశెట్టి గారు కాపీ కోసం మళ్లీ రాలేదు. ఆ వానాకాలంలోనే పోయారని తెలిసింది.

ఆమెను అడగమన్నప్పుడు న్యాయమే చేశాననుకున్నాను. నేను తేల్చుకోలేనిది తెచ్చి ఆమె నెత్తిన పెట్టానని తర్వాత అర్థమైంది. ఇప్పుడు ఏ రీలైనా ఇంటివాళ్లకు చూపించే ముందు, తలుపు వేసుకొని చివరి ఫ్రేమ్ దాకా నేనొక్కదాన్నే చూస్తాను.