దుప్పటి మీద అక్షరాలు

"ఇది చదవడానికా, తడమడానికా?"

మేనకోడలికి మేనమామ వేసిన ప్రశ్న ఇది. వెబ్‌సైట్లు తయారుచేసి బతికే మనిషిని ఇంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. అడిగినవాడు దుప్పట్ల వ్యాపారి. ఫోన్‌ని ముక్కుకి ఆనించి, దూరం జరిపి, మళ్ళీ ఆనించి, తన కొట్టు పేజీలో తన నంబరే తను వెతుక్కుంటున్నాడు.

ఇలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు, చిన్నప్పుడే గోడల మీద బొమ్మలు గీసేదని మొదలుపెట్టడం రివాజు. ఈమె గియ్యలేదు. గోడల్ని తడిమేది. సున్నం పెచ్చు, గోనెసంచి, అట్టపెట్టె, ఏది కనిపించినా వేలు రాసి చూడందే కదిలేది కాదు. అందుకే ఇంట్లో "గరుకు" అని పేరు పడింది. ముప్పయ్యేళ్ళు దాటినా అదే పిలుపు.

కొన్నేళ్ళు ఒక కంపెనీలో తెల్లటి పేజీలు చేసింది. బ్యాంకుకీ తెలుపే, బొమ్మల కొట్టుకీ తెలుపే. విసుగెత్తి మానేసింది. మేనేజరు మంచివాడే. "నెలాఖరు దాకా నీ కుర్చీ ఉంచుతా, బుద్ధొస్తే రా" అన్నాడు. ఆ నెలలో చేతికొచ్చిన పని ఒక్కటే, మేనమామ కొట్టుది. అది నిలబడితే తనదీ ఇస్తానని పక్కనున్న గొడుగుల షాపాయన మాటిచ్చాడు. నిలబడకపోతే మళ్ళీ ఆ కుర్చీ, ఆ తెలుపు.

సొంతవాళ్ళకి చేసిపెడితే పుణ్యమని వాళ్ళమ్మ అంది. పుణ్యం సంగతి అటుంచితే, సొంతవాళ్ళ పనిలో "వద్దు" అనేవాడు ఉండడు. గరుకు రెచ్చిపోయింది. కొట్టులోకెల్లా ముతక ఊలు దుప్పటి తెచ్చి స్కానర్‌లో పరిచింది. మూత పడకపోతే ఎక్కి కూర్చుంది. వచ్చిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ అతికిస్తూ పేజీ నిండా పరిచి, దాని మీద సన్నటి వయ్యారపు అక్షరాలు పేర్చింది. తన పెద్ద తెర మీద చూసుకుంటే నిజంగానే కప్పుకోవాలనిపించింది.

పేజీ తెరిచి వారమైంది. ఒక్క ఫోనూ రాలేదు. ఒక పెద్దమనిషి మాత్రం నేరుగా కొట్టుకొచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, మీ పేజీ తెరిస్తే నా ఫోన్ మీద వెంట్రుక కనిపిస్తోంది. ఎంత తుడిచినా పోదే!"

బేరాల్లో పడి అంతదాకా పేజీ మొహం చూడని మేనమామ అప్పుడు చూశాడు. ఒకటి కాదు, బారులు తీరి వెంట్రుకలు. కొట్టులో పిల్లి పడుకునేది ఆ దుప్పటి మీదే. దాని వెంట్రుక ఒకటి స్కానర్‌లోకెక్కి, దుప్పటి బొమ్మతో పాటు పేజీ అంతా పిల్లలు పెట్టింది. మేనకోడల్ని పిలిపించి, చదవడానికా తడమడానికా అని అడిగింది అప్పుడే.

ఆమె కుమిలిపోయిందని రాస్తే బావుంటుంది గానీ, పిల్లిని చూసి పడీపడీ నవ్వింది. తర్వాత ఇంటికెళ్ళి వాళ్ళమ్మ పాత ఫోన్ లాక్కుని, మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడి ఆ పేజీ తెరిచింది. ఊలు పోగులూ అక్షరాల తలకట్లూ కలిసిపోయాయి. పై వరుస వత్తులు కింది వరుస నెత్తిన కాళ్ళు పెట్టాయి.

"అమ్మా, ఇక్కడేం రాసుంది?"

"చీమలు" అంది వాళ్ళమ్మ, బట్టలు ఆరేస్తూ.

అప్పుడు నవ్వు ఆగింది. రెండు రోజులు కూర్చుని మార్చింది. దుప్పటిని పేజీ పైన ఒక పట్టీగా, పక్కన సన్నటి అంచుగా మిగిల్చింది, వెంట్రుక ఏరేసి. అక్షరాల వెనక ఉత్త మీగడ రంగు. కొట్టు పేరుకి కాస్త ఒళ్ళున్న అక్షరం, మిగతాదానికి గుండ్రటి నిదానపు అక్షరం, వత్తులు వేలాడ్డానికి వరుసల మధ్య చోటు. ఫోన్ నంబరు బొటనవేలంత.

మేనమామ మొహం చిట్లించాడు. "నా దుప్పటి ఏదే? ఇంత ముక్క మిగిల్చావు!"

"కొట్లో గోడలకి కూడా దుప్పట్లు కప్పావా మావయ్యా?"

"సున్నమేయించా."

"ఎందుకు?"

"దుప్పట్లు కనపడొద్దూ మరి!" అనేసి నాలిక్కరుచుకున్నాడు. "నోరెక్కువైంది నీకు. సరే, పెట్టెయ్."

మర్నాడే ఒకావిడ ఫోన్ చేసింది. పైన పట్టీలో ఉన్న దుప్పటే కావాలి, గుచ్చుకుంటుందా అని. "గుచ్చుకుంటుందమ్మా, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది" అని నిజం చెప్పి అమ్మేశాడు మేనమామ. వారం తిరిగేసరికి, "అమ్మడూ, నంబరు కాస్త చిన్నది చెయ్యవే, అన్నం తిననివ్వట్లేదు" అని మొత్తుకున్నాడు.

గొడుగుల షాపాయన మాట నిలబెట్టుకున్నాడు. పేజీ అంతా వాన పడాలన్నాడు. "అక్షరాలు తడుస్తాయి బాబాయ్, ఓ మూల జల్లు చాలు" అని ఒప్పించింది. ఆ సాయంత్రమే మేనేజరుకి ఫోన్ చేసి, కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంది.

మేనమామ మాత్రం ఆమెకివ్వాల్సిన డబ్బులో సగం ఇప్పటికీ బాకీ ఉన్నాడు.