మా ప్రహరీగోడలో ఇత్తడి గొట్టం

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో మా పాత ఇంటి ప్రహరీగోడలోంచి వీధి వైపుకి ఒక ఇత్తడి గొట్టం పొడుచుకొచ్చి ఉండేది. మోకాలికి కాస్త పైన. లోపలి వైపు దాని మీద చిన్న రాతి తొట్టి.

అది దేనికో ఎవరూ చెప్పేవారు కాదు. బాబాయి మాత్రం ఇంటికి ఎవరొచ్చినా "జమీందార్ల కాలం నాటి ఫిరంగి అండి" అని మీసం మెలేసేవాడు. మేమూ అదే నమ్మి, దాన్నిండా వేపకాయలు కుక్కి, నందిగామ దాకా పేల్చేవాళ్ళం!

తొంభైల్లో మాట... బళ్ళో నా పక్కన కూర్చునే సునీత రోజూ చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చేది. నా గొప్పలు విని విని, ఒంటిపూట బడి రోజుల్లో ఓ మధ్యాహ్నం "ఏదే మీ ఫిరంగి, చూపించు" అని నాతో నడిచొచ్చింది.

వంగి గొట్టంలోకి చూసింది. వేలు పెట్టి చూసింది. "ఫిరంగైతే ఇంత సన్నగా ఉంటదా?" అంది. నాకు రోషం వచ్చి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మని అడిగాను.

నాయనమ్మ పకపకా నవ్వింది. "ఫిరంగీ లేదు, పాడూ లేదు. మీ బాబాయివన్నీ కోతలే! పొలం పనికొచ్చే గూడెం వాళ్ళకి దాహమైతే, వాళ్ళు మన చెంబు ముట్టుకోకుండా లోపల తొట్టిలో నీళ్ళు పోసేవాళ్ళం. వాళ్ళు బయట దోసిలి పట్టేవాళ్ళు. మా మామగారు పెట్టించారే. ఎంత ధర్మాత్ముడో!"

"ఇంత కింద ఎందుకండి?" సునీత మెల్లగా అడిగింది.

"వంగి తాగాలి కదమ్మా!"

సునీత వాళ్ళది గూడెమని నాకు తెలుసు. నాయనమ్మకి తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో అమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఎండలో అంత దూరం నడిచొచ్చిన పిల్ల... "వద్దండి, దాహంగా లేదు" అంది. బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతా బళ్ళో బాగానే మాట్లాడుకునేవాళ్ళం. మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు. రమ్మనడానికి నాకూ మొహం చెల్లలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయింది. ఇప్పుడు మా పిల్లలు ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో సీసా ఎత్తి గటగటా తాగేస్తున్నారు. చూస్తే సంతోషం, వెంటనే సిగ్గు... ఇంత చిన్న విషయానికి మా వాళ్ళు గోడకి చిల్లి పెట్టించారా అని.

మీ పాత ఇళ్ళలోనూ దేనికో తెలియని వస్తువులు ఉండే ఉంటాయి. పెద్దవాళ్ళని అడిగి, ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి.

సునీతా, ఇది నీ కంట పడితే... అప్పుడు పిలవలేకపోయాను. ఇప్పుడు పిలుస్తున్నాను, మా ఇంటికి రావే.